కోడి ఎందుకంత పొద్దున్నే కూస్తుంది?

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకుందట వెనకటికో ముసలమ్మ. ఫీనిక్స్ బేలో పెరటి పుంజుతో చిక్కు వేరు. ఇక్కడ తెల్లవారకముందే ఇరుగుపొరుగంతా లేచి కూర్చోవలసి వస్తుంది!

దేశమంతటికీ గడియారం ఒక్కటే. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. మనం ఉన్నది దాదాపు 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. అందుకే విజయవాడ నుంచి బదిలీపై వచ్చినవారికి ఇక్కడి కోడి తొందరపడుతున్నట్టు అనిపిస్తుంది.

పుంజు వెలుగు చూసే కూస్తుందనుకుంటాం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పుంజులను రాత్రీపగలూ ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. అయినా అవి దాదాపు 24 గంటలకోసారి వేళకు కూశాయని 2013లో ప్రకటించారు. అంటే గడియారం వాటి ఒంట్లోనే ఉంది. దీపం వెలుగు, పక్క పుంజు కూత కూడా వాటిని కూయిస్తాయి.

కాబట్టి కూతను మాన్పించలేం, తగ్గించగలం. గూడు పక్కింటి కిటికీకి దూరంగా ఉండాలి. రాత్రి దానిపై వీధి దీపం వెలుగు పడకూడదు, లోపలికి గాలి మాత్రం బాగా ఆడాలి. పొద్దెక్కాకే కోడిని వదలాలి. కూయకుండా మెడకు పట్టీ బిగించకండి, ఊపిరాడక చనిపోవచ్చు. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కరలేదు, పెట్టలు చాలు.

అన్నిటికన్నా ముందు పక్కింటివాళ్లను అడగండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అంకుల్‌కు అప్పుడే నిద్ర పట్టి ఉండొచ్చు. మన క్వార్టర్లలో పొరుగువారు మారుతూనే ఉంటారు. కొత్తవారు వచ్చినప్పుడల్లా మళ్లీ అడగాలి.