కనురెప్పల ఆపరేషన్: డాక్టర్‌కు ముందే ఏం చెప్పాలి? వుజూ, సజ్దా విషయంలో ఏం పాటించాలి?

వయసు నలభై దాటాక చాలామందికి పై కనురెప్ప చర్మం సాగి మడతపడి కిందికి జారుతుంది. కొందరికి కింది రెప్పల దగ్గర కొవ్వు ముందుకొచ్చి సంచుల్లా ఉబ్బుతుంది. అదనంగా ఉన్న చర్మాన్ని, అవసరమైతే కొవ్వును తీసేసి లేదా సర్ది కుట్లు వేసే ఆపరేషన్‌ను బ్లెఫరోప్లాస్టీ అంటారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు కాబట్టి 'చిన్న ఆపరేషనే కదా' అనుకుంటారు. చిన్నదే అయినా జరిగేది కంటి పక్కనే. అందుకే వేసుకునే మందుల సంగతి ముందుగా చెప్పడం, తర్వాతి రెండు వారాలు ఇంట్లో జాగ్రత్తగా ఉండటం చాలా ముఖ్యం.

అందం కోసమా, అవసరం కోసమా?

రెప్ప చర్మం కంటిపాప మీదికి జారి చూపుకు అడ్డొస్తుంటే అది చికిత్స. చూపు బాగానే ఉండి, ముఖం నిగారింపు కోసమే చేయించుకుంటే అది కాస్మెటిక్ ఆపరేషన్. ఈ తేడా తేల్చడానికి డాక్టర్లు కంటిచూపుతో పాటు పక్కలకు ఎంతవరకు కనిపిస్తుందో చూసే 'విజువల్ ఫీల్డ్' పరీక్ష చేస్తారు, ఫొటోలు తీస్తారు.

షరీఅత్ పరంగా కూడా ఈ తేడా ముఖ్యమే. 2007లో మలేసియాలోని పుత్రజయలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 18వ సమావేశం ప్లాస్టిక్ సర్జరీపై తీర్మానం చేసింది. లోపాన్ని, జబ్బును సరిచేయడానికి షరతులతో అనుమతి ఉందని, కేవలం మోజు కోసం రూపం మార్చుకోవడం సరికాదని దాని సారాంశం. ఎవరి పరిస్థితి ఏ కోవలోకి వస్తుందో డాక్టర్ రిపోర్ట్ చూపించి ముఫ్తీ సాహెబ్‌ను అడగడం మంచిది.

డబ్బుల లెక్కలోనూ ఇదే తేడా. ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా కాస్మెటిక్ సర్జరీ ఖర్చు ఇవ్వవు. ఆరోగ్యానికి తప్పనిసరి అని డాక్టర్ ధృవీకరించిన కేసులనే పరిశీలిస్తాయి. అందుకే బీమా కంపెనీని ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెప్ప జారడం వేరు, చర్మం జారడం వేరు

రెప్పను పైకెత్తే కండరం బలహీనపడి రెప్పే కిందికి జారితే దాన్ని 'టోసిస్' అంటారు. దానికి చేసే ఆపరేషన్ వేరు. ఉన్నట్టుండి ఒక కంటి రెప్ప వాలిపోయి, ఒకటి రెండుగా కనిపించడం, తీవ్రమైన తలనొప్పి లాంటివి ఉంటే అది అందానికి సంబంధించిన విషయమే కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కళ్ల కింద నల్లటి వలయాలు, కళ్ల పక్కన పడే సన్నని ముడతలు ఈ ఆపరేషన్‌తో పోవు. వాటి కోసమే వెళ్తే నిరాశే మిగులుతుంది. కంటి ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ పొందిన 'ఆక్యులోప్లాస్టీ' డాక్టర్‌నో, కనురెప్పల మీద అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్‌నో సంప్రదించాలి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో దీనికి ప్రత్యేక విభాగాలున్నాయి. బ్యూటీ పార్లర్‌లో, అర్హత లేనివాళ్ల దగ్గర ఇలాంటివి చేయించుకోవద్దు.

ఏదీ దాచకుండా చెప్పండి

రక్తం పలచబడేందుకు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మందుల వల్ల ఆపరేషన్‌లో, ఆ తర్వాత రక్తస్రావం పెరగొచ్చు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలూ అంతే. చేపనూనె గోళీలు, విటమిన్-ఇ, వెల్లుల్లి గోళీలు, జింకో కూడా ఈ లెక్కలోకే వస్తాయి. హకీం సాహెబ్ ఇచ్చిన మాజూన్, యునానీ, ఆయుర్వేద మందులను చాలామంది మందులుగానే లెక్కపెట్టరు. 'ఏమైనా మందులు వాడుతున్నారా' అని డాక్టర్ అడిగితే 'లేదు' అనేస్తారు. ఇంట్లో ఉన్న సీసాలు, డబ్బాలు, చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి చూపించడమే సులువు.

అయితే ఏ మందునూ సొంతంగా ఆపొద్దు. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు రక్తం పలచబడే మందు ఆపితే ప్రాణానికే ముప్పు. ఆపాలా వద్దా, ఎన్ని రోజులు ఆపాలి అనేది గుండె డాక్టర్, సర్జన్ కలిసి నిర్ణయించాలి.

షుగర్, బీపీ, థైరాయిడ్, కళ్లు పొడిబారడం, గతంలో లేసిక్ చేయించుకోవడం కూడా చెప్పాల్సినవే. కళ్లు పొడిబారే సమస్య ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత అది ఎక్కువ కావొచ్చు. థైరాయిడ్ వల్ల కళ్లు ఉబ్బినవాళ్లు ఆ జబ్బు అదుపులోకొచ్చి నిలకడగా ఉండేదాకా ఆగాలి. సిగరెట్, గుట్కా గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి కొన్ని వారాల ముందే మానేయాలి.

ఆ రోజుకు సిద్ధం కావడం

ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదో, రోజూ వేసుకునే మాత్రల్లో ఏవి వేసుకోవాలో అడిగి కాగితం మీద రాయించుకోండి. కళ్లకు సుర్మా, కాజల్, మేకప్ ఏవీ ఉండకూడదు. కాంటాక్ట్ లెన్సులు, నగలు ఇంట్లోనే పెట్టేయాలి. తల మీది నుంచి తొడుక్కునే కుర్తా కంటే ముందు గుండీలున్న బట్టలు నయం, విప్పేటప్పుడు కళ్లకు తగలవు. తిరిగి ఇంటికి తీసుకెళ్లడానికి, ఆ రాత్రి పక్కనుండడానికి ఒక మనిషి తప్పకుండా కావాలి.

మొదటి రెండు వారాలు

మొదటి రెండు రోజులు డాక్టర్ చెప్పినట్టు చల్లని కాపడం పెట్టాలి. ఐస్‌ను నేరుగా చర్మానికి ఆనించకుండా శుభ్రమైన గుడ్డలో చుట్టి, నొక్కకుండా పెట్టాలి. రెండు మూడు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి వెల్లకిలా పడుకోవాలి. వాపు రెండో, మూడో రోజున ఎక్కువగా కనిపిస్తుంది, ఆ తర్వాత తగ్గుతుంది. కమిలిన నీలం రంగు పోవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆయింట్‌మెంట్ వల్ల చూపు కొంచెం మసకగా ఉంటుంది, అలా ఉన్నంతకాలం బండి నడపొద్దు. కరిగిపోని కుట్లయితే సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. బరువులు ఎత్తడం, వ్యాయామం, కాంటాక్ట్ లెన్సులు, కంటి మేకప్ రెండు వారాల దాకా వద్దు. సుర్మా కూడా డాక్టర్ సరేనన్నాకే. బజారులో దొరికే కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుందన్నది మరిచిపోవద్దు.

పరామర్శకు వచ్చినవాళ్లు తలా ఒక చిట్కా చెబుతారు. గులాబ్ జల్, తేనె, కలౌంజీ నూనె ఏవీ కళ్లలో వేయొద్దు, కుట్ల మీద రాయొద్దు. జమ్‌జమ్ నీళ్లు తాగొచ్చు కానీ, గాయం మానేదాకా కళ్లలో వేసుకోవద్దు. నిఖాబ్ వేసుకునేవాళ్లు రోజూ ఉతికినదే వాడాలి. దాని అంచు, దారం కుట్లకు రాసుకోకుండా చూసుకోవాలి.

నమాజ్ ఎలా?

తల గుండె కంటే కిందికి వంగితే ముఖానికి రక్తం ఎక్కువగా చేరి వాపు, రక్తస్రావం పెరగొచ్చు. కాబట్టి ఎన్ని రోజులు వంగకూడదో డాక్టర్‌ను స్పష్టంగా అడగాలి. రోగికి ఇస్లాం వెసులుబాటు ఇచ్చింది. సజ్దా చేయలేనివాళ్లు కూర్చుని, తలను కొద్దిగా వంచి సైగతో నమాజ్ పూర్తి చేసుకోవచ్చు. నీళ్లు తగిలితే హాని అని డాక్టర్ చెప్పినప్పుడు ఆ భాగం వరకు మసహ్ చేయడం, అదీ కుదరకపోతే తయమ్ముమ్ లాంటి మార్గాలున్నాయి. మీ విషయంలో ఏది వర్తిస్తుందో ఇమామ్ సాహెబ్‌ను ఆపరేషన్‌కు ముందే అడిగి పెట్టుకుంటే తర్వాత కంగారుండదు.

రంజాన్‌కు ముందు వారం, ఇంట్లో షాదీ దగ్గర పడ్డప్పుడు, ఉమ్రా ప్రయాణానికి ముందు ఈ ఆపరేషన్ పెట్టుకోకపోవడమే మంచిది. రోజాలో ఉండగా మాత్రలు వేసుకోవాల్సి వస్తే, జబ్బుపడినవారికి తర్వాత ఖజా పెట్టుకునే అవకాశం ఉంది. మందు మానేసి రోజా ఉండటం సరికాదు.

ఈ లక్షణాలుంటే తెల్లారేదాకా ఆగొద్దు

ఒక కంట్లో నొప్పి నిమిషనిమిషానికి పెరగడం, కన్ను ముందుకు పొడుచుకురావడం, ఆ కన్ను గట్టిగా బిగుసుకోవడం, చూపు తగ్గడం లేదా ఒకటి రెండుగా కనిపించడం, రక్తం ఆగకపోవడం... ఇవి కంటి వెనక రక్తం చేరిందనడానికి సూచనలు కావొచ్చు. ఇది అరుదు. వస్తే ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. వెంటనే ఒత్తిడి తగ్గించకపోతే చూపు శాశ్వతంగా పోయే ప్రమాదముంది. నొప్పి మాత్ర వేసుకుని పడుకోవద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, చీము, రోజురోజుకూ పెరిగే ఎరుపు ఇన్ఫెక్షన్ గుర్తులు. అప్పుడు కూడా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందే రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబర్ అడిగి తీసుకోండి. దాన్ని రోగి ఫోన్‌లోనే కాకుండా పక్కనుండే మనిషి ఫోన్‌లోనూ పెట్టండి. ఎందుకంటే ఆ రాత్రి రోగికి నంబర్ చదివే చూపు ఉండకపోవచ్చు.