భీమిలిలో ఒక్క పూట

విశాఖపట్నం వెళ్ళినవారు సాధారణంగా రామకృష్ణా బీచి చూసి, కైలాసగిరి ఎక్కి, తిరుగు రైలెక్కుతారు. ఇంకొక్క పూట మిగుల్చుకోగలిగితే, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఉత్తరంగా భీమునిపట్నం వెళ్ళి రండి.

దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నవి. వేల ఏండ్లుగా పోగుపడిన ఇసుక అది. వాన నీరు దానిని కోసి గెడ్డలుగా, గోడలుగా మలచింది. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. మేము వెళ్ళినప్పుడు మా అబ్బాయి ముచ్చటపడి ఒక పెళ్ల లాగాడు. దాని వెంట తట్టెడు మట్టి జలజల రాలింది. తిరిగి అతికించబోయాడు గాని, నిలవలేదు. అందుచేత కంటితో చూడండి, చేయి మాత్రం పెట్టకండి.

ఊళ్ళో డచ్చివారి శ్మశానం చూడదగినది. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చినవారు 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళారు. వెళ్ళలేకపోయినవారు ఇక్కడ నిద్రిస్తున్నారు. ఓపికున్నవారు పావురాలకొండ ఎక్కి బౌద్ధారామ శిథిలాలు చూడవచ్చును.

సాయంకాలం గోస్తని సముద్రంలో కలిసేచోట కూర్చోండి. నీళ్ళు నెమ్మదిగానే కనిపిస్తవి, కాని నమ్మరాదు. పిల్లలకు పాదాలు తడిస్తే చాలును.

తిరుగు దారిలో దిబ్బల దగ్గర కారు ఆపమన్నాడు మావాడు. జేబులో దాచుకున్న పిడికెడు ఎర్రమట్టిని అక్కడే పోసి వచ్చాడు. నేనేమీ అడగలేదు.