పంట కాపలా తుపాకీ: గొట్టం కోయవద్దు, గడువు మరవద్దు

వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడే రోజులు వచ్చాయంటే అడవి అంచు పల్లెల్లో రైతుకు రాత్రిపూట కునుకుండదు. మొక్కజొన్న కండె పట్టినా అంతే, చెరకు ముదిరినా అంతే. అడవి పందుల మంద చేలో దిగితే తిన్నదానికన్నా తొక్కి, మూతితో తవ్వి పాడుచేసేదే ఎక్కువ. ఎకరం, ఎకరంన్నర ఉన్న ఆసామికి ఒక్క రాత్రిలో పెట్టుబడి మట్టిపాలవుతుంది. అందుకే మంచె మీద కాపలా, డబ్బా మోత, టపాకాయలు. వీటికి తోడు కొన్ని ఇళ్లల్లో తాతల నాటి మందు దట్టించే తుపాకీ కూడా ఉంటుంది. కొన్నిచోట్ల దీన్నే భర్మారు తుపాకీ అంటారు.

అలాంటి తుపాకీ మీ ఇంట్లో ఉందా? అయితే ఈ నాలుగు మాటలు చదవండి. పంట కోసం ఉంచుకున్న ఆ తుపాకీయే రైతును జైలు దాకా తీసుకుపోయే దారులు మూడున్నాయి. ఒకటి, దాని రూపం మార్చడం. రెండు, కాగితం గడువు దాటనివ్వడం. మూడు, అనుమతి లేకుండా జంతువు మీద పేల్చడం. మూడూ తెలియక చేసేవే. కానీ తెలియదంటే చట్టం ఊరుకోదు.

చట్టం రైతుకు ఏ తుపాకీ ఇచ్చింది?

మన దేశంలో తుపాకుల సంగతి 1959 నాటి ఆయుధాల చట్టం కింద నడుస్తుంది. అందులో 13వ సెక్షన్ రైతును ప్రత్యేకంగా గుర్తించింది. నిజంగా పంట రక్షణకే కావాలంటే మూతి వైపు నుంచి మందు, రవ్వలు దట్టించే తుపాకీకి లైసెన్సు అడగవచ్చు. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కుదిరితే, లోపల గాట్లు లేని నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకీకి కూడా ఇవ్వవచ్చు. అయితే ఆ గొట్టం 20 అంగుళాలకు, అంటే సుమారు 51 సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదు.

ఈ కొలతలెందుకు అంటారా? గొట్టం పొడవుగా ఉన్న తుపాకీని చొక్కా కింద దాచలేరు. మూతి నుంచి దట్టించే తుపాకీని ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి సమయం పడుతుంది. చేలో మందను బెదరగొట్టడానికి అది చాలు, ఊళ్లో మనిషి మీద గబగబా కాల్చడానికి పనికిరాదు. అందుకే చట్టం రైతుకు ఆ రూపంలో ఉన్న తుపాకీనే ఇచ్చింది. లైసెన్సు మనిషికి ఎంతో, ఆ రూపానికీ అంతే.

చిన్న రైతులు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతోంది. ఎకరం రైతునీ పాతికెకరాల రైతునీ ఈ విషయంలో ఒకే కంట చూడాలి. దరఖాస్తు మీద పోలీసు నివేదిక తెప్పించుకుంటారు. దరఖాస్తుదారుడికి 21 ఏళ్లు నిండి ఉండాలి. కాదంటే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. మీరు అడిగితే, ప్రజాహితానికి భంగమని అధికారి తలచిన సందర్భాల్లో తప్ప, ఆ కారణాలు మీకు ఇవ్వాలి. దాని మీద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

నాలుగంగుళాలు కోయిస్తే పోలా?

పాత తుపాకీ మూతి దగ్గర తుప్పు తింటుంది. లేదా మంచె ఎక్కేటప్పుడు పొడుగు గొట్టం అడ్డం వస్తుంది. "కొలిమి దగ్గర నాలుగంగుళాలు కోయిస్తే పోలా" అనిపిస్తుంది. ఇంకొకరు "మందు దట్టించే బాధ లేకుండా తూటా పెట్టేలా వెనక వైపు మార్పిస్తే బాగుంటుంది" అంటారు. ఈ రెండు పనులూ చేయవద్దు.

లైసెన్సు లేకుండా ఏ తుపాకీ గొట్టాన్నైనా పొట్టి చేయడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం నేరం. 2019లో చేసిన సవరణతో ఒక తరగతి తుపాకీని మరో తరగతిలోకి మార్చడాన్ని కూడా ఇదే సెక్షన్లో చేర్చారు. శిక్ష కూడా పెంచారు. ఇప్పుడు కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం దాకా కూడా పడవచ్చు. కోసింది అంగుళమా, ఆరంగుళాలా అన్నది కాదు ప్రశ్న. పైగా పాత గొట్టాన్ని కోసి, కాల్చి, కొట్టి సరిచేస్తే అది పేలేటప్పుడు పట్టుకున్నవాడి చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది.

మరమ్మతుకైనా సరే, లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారు దగ్గరకే తీసుకుపోవాలి. మీరు వెళ్లలేక వేరే మనిషితో పంపితే, అతని చేతికి మీ సంతకంతో రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. పక్క చేను రైతు "ఈ ఒక్క రాత్రికి ఇవ్వు బావా" అన్నా ఇవ్వకూడదు. లైసెన్సు మీ పేరున ఉంది, బావ పేరున లేదు.

అమెరికా వీడియోలు చూసి మోసపోవద్దు

ఈ రోజుల్లో కుర్రకారు సెల్‌ఫోన్లలో తుపాకుల వీడియోలు చూస్తున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో తుపాకులున్నవాళ్లు వాటి భాగాలు విప్పి, మార్చి, "ఇప్పుడిది చట్టానికి సరిపోయింది" అని చూపిస్తుంటారు. "అక్కడ వాళ్లే ఇంట్లో మార్చుకుంటుంటే మనకేం?" అని అడిగేవాళ్లున్నారు. దాని సంగతీ తెలుసుకుందాం.

కాలిఫోర్నియాలో 1989లో కొన్ని రకాల రైఫిళ్లను కట్టడి చేస్తూ చట్టం తెచ్చారు. 2000 నుంచి తుపాకీ పేరును బట్టే కాక లక్షణాలను బట్టి కూడా నిషేధం పెట్టారు. తూటాల పెట్టె ఊడదీయడానికి వీలుగా ఉండి, దానికి తోడు పిస్తోలు పిడి గానీ, మడిచే బట్టు గానీ, మూతి దగ్గర మంటను అణిచే గొట్టం గానీ ఉంటే అది నిషిద్ధమైన రకంలోకి వస్తుంది. దాంతో అక్కడి రైఫిళ్లవాళ్లు ఆ పిడి తీసేసి వేరే ఆకారం పెట్టుకున్నారు. కొందరు తూటాల పెట్టెను వేలితో కాక, తూటా మొన వంటి పనిముట్టుతో నొక్కితేనే ఊడేలా మీట పెట్టించుకున్నారు. దాన్ని "బుల్లెట్ బటన్" అనేవారు. చాలాకాలం అది చెల్లింది. 2016లో చట్టం మార్చి, 2017 నుంచి ఆ వెసులుబాటు ఎత్తేశారు. నిన్న చట్టానికి సరిపోయిన తుపాకీ, దాని మీద చెయ్యి వేయకుండానే, చట్టానికి సరిపోనిదైంది.

దీన్నుంచి మనం గ్రహించాల్సింది రెండు మాటలు. అక్కడ రైఫిలు మార్చేది దాన్ని కట్టడిలోకి తేవడానికి. మన పల్లెల్లో మార్చాలనుకునేది కట్టడి దాటడానికి. రెండోది, ఎక్కడైనా సరే తుపాకీ ఉంచుకున్నవాడు చట్టం మారినప్పుడల్లా చెవి అటు వేయాల్సిందే. ఒకసారి లైసెన్సు తీసుకున్నాం కదా అని పెట్టెలో పెట్టి మరచిపోతే కుదరదు.

కాగితం గడువు దాటితే

లైసెన్సు కాలం ఒకప్పుడు 3 ఏళ్లు ఉండేది. 2019 సవరణతో 5 ఏళ్లయింది. ఐదేళ్లంటే మరచిపోవడానికి సరిపోయేంత కాలం. భూమి పాసు పుస్తకం ఉంచిన చోటే లైసెన్సూ ఉంచండి. గడువు తేదీ గోడ మీద క్యాలెండరులో రాసుకోండి. జాతీయ డేటాబేసులో నమోదైనట్టు చూపే యూనిక్ నంబరు మీ లైసెన్సు మీద ఉందో లేదో చూసుకోండి. గడువు ముగిసినా, లైసెన్సు రద్దయినా తుపాకీని ఇంట్లో ఉంచరాదు. ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్ల జైలు పడవచ్చు.

ఎక్కువమంది చిక్కుకునేది నాన్న పోయినప్పుడు. పొలం కొడుకు పేరున మారుతుంది. తుపాకీ మాత్రం అలాగే గోడకు వేలాడుతుంది. వారసత్వంగా తుపాకీ వచ్చినా లైసెన్సు దానంతటది రాదు. ముందు తుపాకీని అప్పగించి, తర్వాత మీ పేరున దరఖాస్తు చేసుకోవాలి. లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకుని 25 ఏళ్లయినా, ఆయన బతికుండగానే వారసుడి పేరు చెప్పి మార్పించే వీలు 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. పెద్దాయన ఉండగానే ఈ పని చేసుకోవడం మేలు.

తుపాకీ లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇక్కడే. "పంట రక్షణకే కదా లైసెన్సిచ్చారు, పందిని కొడితే తప్పేముంది" అనుకుంటారు. లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే, జంతువును చంపడానికి కాదు. అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉంది. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు, ప్రాణానికి ప్రమాదమైన జంతువును కొట్టాలంటే 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. మీ మండలంలో అటువంటి ఉత్తర్వు ఉందో లేదో అటవీ రేంజి కార్యాలయంలో అడగండి. చట్టం దృష్టిలో వల, ఉచ్చు, తరమడం కూడా వేటే. నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటి జోలికి అసలే పోవద్దు.

తుపాకీ లేదని చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టడం అంతకన్నా ఘోరం. చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషికీ, పక్కింటి గొడ్డుకీ అదే తీగ యముడవుతుంది. దాని బదులు గట్ల వెంబడి ముళ్ల కుసుమ గానీ, ఆముదం గానీ వరసలుగా వేయండి. నలుగురు రైతులు కలిసి వంతులవారీగా కాపలా కాయండి. పంట పోతే వెంటనే ఫొటో తీసి, అటవీ, రెవెన్యూ అధికారులకు అర్జీ ఇవ్వండి. పరిహారం అడగడానికి అదే ఆధారం.

తుపాకీ ఉన్న రైతులు ఈ వారమే ఒక పని చేయండి. లైసెన్సు తీసి గడువు తేదీ చూడండి. తుపాకీ నంబరు కాగితంలోని నంబరుతో కలుస్తోందో లేదో చూడండి. లైసెన్సు మీద రాసిన మందు, రవ్వల పరిమాణం కన్నా ఎక్కువ ఇంట్లో ఉంచకండి. పిల్లల చేతికి అందకుండా ఖాళీ తుపాకీ ఒకచోట, మందు ఒకచోట తాళం వేసి పెట్టండి. పోయిన పంటను మళ్లీ కారులో వేసుకోవచ్చు. ఏడేళ్లు జైల్లో పోతే అవి తిరిగి రావు.