మోడెమ్ మూగబోయినా బోర్డు నడుస్తూనే ఉంది

బులెటిన్ బోర్డు సిస్టమ్, పొట్టిగా బీబీఎస్, అంటే బయటివాళ్లు ఫోన్ చేసి లోపలికి రాగలిగే ఒక కంప్యూటర్. ఎవరో ఒకరి ఇంట్లో ఒక మామూలు కంప్యూటర్, దానికో మోడెమ్, ఒక టెలిఫోన్ లైను ఉంటే చాలు, బోర్డు తయారు. ఫోన్ చేసినవాళ్లు పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లేవారు. అంతకుముందు వచ్చినవాళ్లు రాసిపెట్టినవి చదివి, తమ జవాబు రాసి, కావాలంటే ఒక ప్రోగ్రాము దింపుకుని, ఓ ఆట ఆడి లైను పెట్టేసేవారు. లైను ఒక్కటే ఉన్న చోట ఒకరు పెట్టేస్తేగాని రెండోవారికి ప్రవేశం దొరికేది కాదు. బోర్డు నడిపే మనిషిని సిస్‌ఆప్ అనేవారు. కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు, తగవుల తీర్పు, అల్లరి చేసేవాళ్లను బయటికి పంపడం అన్నీ ఆ ఒక్కరి నెత్తిమీదే.

తొలినాళ్ల మోడెమ్ సెకనుకు 300 బిట్లు పంపేది, అంటే దాదాపు 30 అక్షరాలు. అడ్డంగా 80, నిలువుగా 25 గళ్లున్న తెర నిండడానికి నిమిషం పైనే పట్టేది. 2,400 బిట్ల మోడెమ్ వచ్చాక అదే తెర ఎనిమిది సెకన్లలో నిండింది. అందుకే బోర్డులు బొమ్మల జోలికి పోకుండా అక్షరాలనే నమ్ముకున్నాయి. ఉన్న 256 గుర్తులతో, 16 రంగులతో వేసిన ఆన్సీ చిత్రాలు తర్వాత ఒక ప్రత్యేక కళగా ఎదిగాయి.

షికాగో మంచు నుంచి ఫైడోనెట్ దాకా

మొదటి బోర్డు 1978 ఫిబ్రవరి 16న షికాగోలో మొదలైంది. ఆ జనవరిలో ఊరిని ముంచెత్తిన మంచు తుపానుకు ఇల్లు కదలలేకపోయిన వార్డ్ క్రిస్టెన్సెన్, ర్యాండీ సూయెస్‌లు తమ కంప్యూటర్ క్లబ్బు సమాచారం అందరికీ అందేలా దాన్ని తయారుచేశారు. ఫోన్ లైనులో గురగుర ఉన్నా ఫైలు పాడవకుండా చేరవేసే ఎక్స్‌మోడెమ్ పద్ధతి కూడా క్రిస్టెన్సెన్‌దే.

ఒక్కో బోర్డు ఒక్కో ద్వీపంలా ఉన్న కాలంలో 1984లో టామ్ జెన్నింగ్స్ ఫైడోనెట్ ప్రారంభించారు. రాత్రిపూట, కాల్ చార్జీలు తక్కువగా ఉండే గంటల్లో, ఒక బోర్డు మరో బోర్డుకు తనంతట తానే ఫోన్ చేసి ఉత్తరాల మూట అందించేది. అలా చేతులు మారుతూ ఒక సందేశం ఒకటి రెండు రోజుల్లో ఖండాలు దాటేది. 1990ల మధ్యనాటికి ఈ వలయంలో దాదాపు 40 వేల బోర్డులు ఉన్నాయి. ప్రపంచాన్ని మండలాలుగా విభజించినప్పుడు మలేషియాతో సహా ఆసియా దేశాలు ఆరో మండలంలోకి వచ్చాయి.

మలేషియాలో ఫోన్ లైను నుంచి జారింగ్‌కు

1980ల చివర, 1990ల తొలి ఏళ్లలో మలేషియా నగరాల్లోని కంప్యూటర్ ఔత్సాహికులు ఇంటి ఫోన్ లైన్ల మీదే బోర్డులు నడిపారు. అదే సమయంలో ప్రభుత్వ పరిశోధన సంస్థ మిమోస్ విశ్వవిద్యాలయాలను కలుపుతూ రాంగ్‌కోమ్ అనే నెట్‌వర్కును నిర్మించింది. దాని తర్వాత వచ్చిన జారింగ్ 1992లో దేశాన్ని ఇంటర్నెట్‌కు అనుసంధానించింది. 1996లో మరో ఇంటర్నెట్ సేవాసంస్థ టీఎంనెట్ రంగంలోకి దిగింది. ప్రభుత్వ సాంకేతిక అభివృద్ధి పథకం మల్టీమీడియా సూపర్ కారిడార్ ప్రకటన కూడా ఆ ఏడాదిదే. ఒక కనెక్షన్‌తో ప్రపంచమంతా చేతికి వస్తున్నప్పుడు, ఒక ఇంటికి ఫోన్ చేసి వరసలో నిలబడాల్సిన పని లేకపోయింది. చాలా దేశాల్లో జరిగినట్టే ఇక్కడా సిస్‌ఆప్‌లు కొందరు ఇంటర్నెట్ వ్యాపారాల్లోకి వెళ్లారు, కొందరు మోడెమ్ తీసి పక్కన పెట్టారు. జారింగ్ కూడా 2015లో మూతపడింది.

పోయింది ఫోన్ లైనే. నలుగురూ ఒకచోట రాసుకోవడం, దానికొక కాపలాదారు ఉండడం మాత్రం వెబ్‌లోకి మారాయి. 2002లో మొదలైన లోయట్ డాట్ నెట్ వేదిక ఇందుకు మంచి ఉదాహరణ. కౌలాలంపూర్ బుకిట్ బింతాంగ్‌లోని కంప్యూటర్ల అంగడి ప్లాజా లోయట్ పేరునే అది పెట్టుకుంది. ధరల చర్చ, పాత సామాను అమ్మకం, కబుర్ల కోసం కోపిటియామ్ అనే విభాగం, తప్పు చేసినవాళ్లను వెలివేసే మోడరేటర్లు, ఇవన్నీ పాత బోర్డు సంప్రదాయాలే. 2017 అక్టోబరులో 4.62 కోట్ల మొబైల్ చందాదారుల వివరాలను ఎవరో ఈ వేదిక మీదే అమ్మకానికి పెట్టారు. నిర్వాహకులు ఆ సంగతిని సమాచార నియంత్రణ సంస్థ ఎంసీఎంసీకి తెలిపి, వార్తగా బయటపెట్టారు. కాపలాదారు కళ్లు తెరుచుకుని ఉంటే ఎంత తేడా వస్తుందో చెప్పే సంఘటన ఇది.

ఇప్పటికీ నడుస్తున్న బోర్డులు

అసలు సిసలు బీబీఎస్‌లు కూడా పూర్తిగా అంతరించలేదు. ఫోన్ నంబరు స్థానంలో ఇంటర్నెట్ చిరునామా వచ్చింది, మోడెమ్ స్థానంలో టెల్‌నెట్ లేదా ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా వందల బోర్డులు ఇలా తెరిచే ఉన్నాయి. 1990ల నాటి సింక్రోనెట్, మిస్టిక్ ప్రోగ్రాములకు మెరుగులు దిద్దుతూనే ఉన్నారు. ఎనిగ్మా లాంటి కొత్తవీ పుట్టాయి. చవకైన రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద ఒక బోర్డును హాయిగా నడపవచ్చు. నలభై ఏళ్లనాటి కమొడోర్ 64కు ఒక చిన్న వైఫై పరికరం తగిలిస్తే, అది తనను తాను మోడెమ్‌గా పరిచయం చేసుకుంటుంది. పాత పద్ధతిలో డయల్ ఆదేశం టైపు చేసి నంబరు బదులు చిరునామా ఇస్తే బోర్డు తెరుచుకుంటుంది.

వీటిలో ఎక్కువ భాగం పాత జ్ఞాపకాల కోసం నడిచేవే. ఈ మాట వర్తించని పెద్ద బోర్డు తైవాన్‌లో ఉంది. జాతీయ తైవాన్ విశ్వవిద్యాలయ విద్యార్థి తు యి-చిన్ 1995లో ప్రారంభించిన పీటీటీ ఈనాటికీ నల్లని తెర మీద అక్షరాలతోనే నడుస్తోంది. రద్దీ బాగా ఉన్న రోజుల్లో ఒకేసారి లక్షన్నర మందికి పైగా అందులో ఉండేవారు. ప్రకటనలు లేవు, నిర్వహణ స్వచ్ఛంద సేవ. 2019 డిసెంబరు 31 తెల్లవారుజామున వూహాన్‌లో సార్స్‌ను పోలిన జబ్బు గురించి అందులో వచ్చిన సందేశాలు తైవాన్ వ్యాధి నియంత్రణ కేంద్రం అధికారి లో యి-చున్ కంటపడ్డాయి. ఆ రోజే వూహాన్ నుంచి వచ్చే విమానాల్లో ప్రయాణికుల తనిఖీ మొదలైంది. విశ్వవిద్యాలయం ఆసరా, విద్యార్థుల శ్రమ, అమ్మకానికి లొంగని పద్ధతి, ఈ మూడూ కలిసి ఒక బీబీఎస్‌ను మూడు దశాబ్దాలు నిలబెట్టాయి.

గళ్లలో ఇమడని లిపి

పీటీటీ నిలవడానికి లిపి కూడా తోడ్పడింది. బోర్డు తెర సమానమైన గళ్ల పట్టిక. రోమన్ లిపిలో రాసే మలయ్ భాషకు ఒక అక్షరానికి ఒక గడి సరిపోతుంది. చైనీస్ అక్షరానికి కచ్చితంగా రెండు గళ్లు కేటాయిస్తే చాలు. తెలుగుకు ఆ సౌకర్యం లేదు. ‘స్త్రీ’ చూడడానికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘం కలిసి ఆరు సంకేతాలు. దానికి ఒక గడి ఇవ్వాలా, మూడు ఇవ్వాలా అన్నది ప్రోగ్రాములు ఒక్కోటి ఒక్కో రకంగా తేలుస్తాయి. ఫలితంగా ఒత్తులు పక్క అక్షరం మీద పడతాయి, పంక్తి చివర చెదిరిపోతుంది.

తొలి తరం తెలుగువాళ్లు దీనికి రోమన్ లిపితో పరిష్కారం వెతికారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న ‘టీ’ కొడితే త, పెద్ద ‘టీ’ కొడితే ట. యూజ్‌నెట్ అనే పాత చర్చల నెట్‌వర్కులోని తెలుగు వేదికలో ఎన్నో వాదాలు, పద్యాలు ఆ వేషంలోనే తిరిగాయి. మలేషియాలో 1955లో మలయా ఆంధ్ర సంఘంగా పుట్టిన తెలుగు సంఘం నేటికీ భాష నేర్పే తరగతులు నిర్వహిస్తోంది. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మలయ్, ఇంగ్లీషు చదివిన తరాలకు రోమన్ లిపే చేతికి దగ్గర. అలాంటివారికి అక్షరాల బోర్డు అడ్డంకి కాదు.

తెలుగు అక్షరాలు చక్కగా కనిపించే పరికరాల వెనక ఒక మలేషియా చేయి కూడా ఉంది. 1980ల నుంచి తమిళ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్న ముత్తు నెడుమారన్ మలేషియా పౌరుడు. ఆపిల్ పరికరాల్లోని తెలుగు సంగం ఎంఎన్ ఫాంటు ఆయన రూపొందించినదే. పేరు చివరి ఎంఎన్ ఆయన పొడి అక్షరాలు.

సిస్‌ఆప్ మెడకు చట్టం

ఈరోజు మలేషియాలో బోర్డు పెట్టడానికి ఖర్చు పెద్ద అడ్డు కాదు. బాధ్యతే అడ్డు. 2012లో సాక్ష్య చట్టానికి చేర్చిన 114ఏ సెక్షన్ ప్రకారం, ఒక వేదికకు యజమానిగా, నిర్వాహకుడిగా, సంపాదకుడిగా పేరున్నవారిని అందులో వచ్చిన రాతకు ప్రచురణకర్తగా కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం వారిదే. దీనికి నిరసనగా ఆ ఏడాది ఆగస్టు 14న అనేక వెబ్‌సైట్లు ఇంటర్నెట్ బ్లాకౌట్ డే పాటించాయి. సెక్షన్ మాత్రం అలాగే ఉంది. 2021 ఫిబ్రవరిలో పాఠకులు రాసిన వ్యాఖ్యలకు మలేషియాకినీ వార్తాసంస్థను బాధ్యురాలిని చేస్తూ ఫెడరల్ కోర్టు కోర్టు ధిక్కారం కింద 5 లక్షల రింగిట్ల జరిమానా విధించింది. ప్రజల విరాళాలతో ఆ సొమ్ము గంటల్లోనే సమకూరింది. ఇంట్లో ఒక్కడే కూర్చుని బోర్డు నడిపే మనిషికి అలాంటి అండ దొరుకుతుందన్న భరోసా లేదు.

మరోవైపు 2025 జనవరి 1 నుంచి అమలైన లైసెన్సు నిబంధన, దేశంలో 80 లక్షలు అంతకు మించి వాడుకరులున్న సామాజిక మాధ్యమాలకు, మెసేజింగ్ సేవలకే వర్తిస్తుంది. చిన్న బోర్డుకు లైసెన్సు బెడద లేదు. భారతదేశంలో 1990ల మధ్యలో వ్యవహారం వేరుగా ఉండేది. బీబీఎస్‌లపై టెలికాం శాఖ లక్షల రూపాయల వార్షిక రుసుము తలపెట్టడంతో ఔత్సాహికులు సంఘటితమై ఎదిరించాల్సి వచ్చింది.

రేడియో మీద కొత్త ఊపిరి

బోర్డుల పునరుద్ధరణ నిజంగా కనిపిస్తున్నది రేడియోలో. మలేషియా ప్రకృతి ఇందుకు కారణం కల్పిస్తోంది. 2014 డిసెంబరు వరదల్లో కెలాంతాన్ తదితర తూర్పు తీర రాష్ట్రాల్లో రెండు లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలారు. చాలా చోట్ల కరెంటు, ఫోన్లు నిలిచిపోయాయి. 2021 డిసెంబరులో షా ఆలం నీట మునిగింది. టవరు పనిచేయని వేళ ఒక సందేశాన్ని ఎక్కడో దాచి, వచ్చినవాళ్లకు అందించే వ్యవస్థ ఉంటే దాని విలువ వేరు. బీబీఎస్ చేసే పని సరిగ్గా అదే.

అమెచ్యూర్ రేడియోవాళ్లు దశాబ్దాలుగా ప్యాకెట్ రేడియో బోర్డులు నడుపుతున్నారు. మలేషియాలో వారి సంఘం 1952లో ఏర్పడిన మార్ట్స్. ద్వీపకల్పంలోని స్టేషన్ల పిలుపు పేర్లు 9ఎం2తో, సబాలోవి 9ఎం6తో, సరావాక్‌లోవి 9ఎం8తో మొదలవుతాయి. అయితే ఈ రేడియో వాడాలంటే పరీక్ష పాసై లైసెన్సు పొందాలి. 2020లో మొదలైన మెష్‌టాస్టిక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆ గడపను తగ్గించింది. తక్కువ విద్యుత్తుతో దూరాలకు సందేశం పంపే లోరా రేడియో పద్ధతిలో, అరచేతిలో ఇమిడే పరికరాలు ఒకదాని సందేశాన్ని మరొకటి అందుకుని ముందుకు పంపుతాయి. మలేషియా కోసం అందులో 433, 919 మెగాహెర్ట్జ్‌ల అమరికలు విడిగా ఉన్నాయి. అటువంటి పరికరాన్ని ఒక చిన్న కంప్యూటర్‌కు కలిపి, సందేశాలు నిలవచేసే ప్రోగ్రాము ఎక్కిస్తే అదొక బీబీఎస్ అవుతుంది. మెష్‌కోర్ అనే మరో వ్యవస్థ ఇలాంటి సందేశాల గదిని తనలోనే కలుపుకుంది.

దీని పరిమితులు పాత మోడెమ్ రోజులను తలపిస్తాయి. ఒక సందేశంలో సుమారు 200 బైట్లే పడతాయి. తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు. ఒక సందేశానికి 60, 70 సంకేతాలు మించవు. ఊళ్లో భవనాల మధ్య తరంగం కొద్ది కిలోమీటర్లకే అలసిపోతుంది, కొండమీద పెట్టిన పరికరం దూరాలు చేరుస్తుంది. ఫొటోలు, వీడియోల ఊసు లేదు.

ఇన్ని హద్దులున్న వ్యవస్థ సామాజిక మాధ్యమాలతో పోటీకి దిగదు, దిగాల్సిన అవసరమూ లేదు. వందమంది ఉన్న ఒక తమాన్ (నివాస కాలనీ) వాసులకో, ఒక విశ్వవిద్యాలయానికో, వరద వచ్చే నది ఒడ్డు గ్రామాలకో అది పనికొస్తుంది. పీటీటీ అనుభవం చెప్పేది కూడా ఇదే. బోర్డును నిలబెట్టేది వేగమో రంగులో కాదు, దాన్ని రోజూ చూసుకునే మనుషులు, వాళ్ల వెనక ఒక సంస్థ. మలేషియాలో యంత్రాలు చవక, లైసెన్సు అడ్డం లేదు, అవసరం ఉంది. 114ఏ భారాన్ని ఒంటరి సిస్‌ఆప్ మోయలేడు కనుక క్లబ్బులు, కళాశాలలు, సంఘాల పేరుమీద నడిచే బోర్డులకే ఎక్కువ కాలం నిలిచే అవకాశం కనిపిస్తోంది.