ఇంటికీ, కారుకూ ఒకే వైర్‌లెస్ సెట్టు

2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను తాకినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో విద్యుత్తు, టెలిఫోన్లు స్తంభించాయి. అమెచ్యూర్ రేడియో కార్యక్రమానికై అప్పటికే అక్కడ బస చేసి ఉన్న భారతి ప్రసాద్ బృందం క్షేమ సమాచారాలను తమ సెట్ల ద్వారా ప్రధాన భూభాగానికి అందజేసింది.

సముద్రాలు దాటి పలికే సెట్లు వేరు. ఊరిలోనూ, ప్రయాణంలోనూ మాట్లాడుకునేందుకు 144 నుండి 146 మెగాహెర్ట్జ్ వరకు గల ‘రెండు మీటర్ల బ్యాండు’ సెట్టు అనువైనది. అయితే ముందుగా ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందాలి. కొనుగోలు ఆ తరువాతే.

చేతిలో ఇమిడే సెట్టు శక్తి సాధారణంగా 5 వాట్లు. పైగా కారు లోహపు కప్పు దాని తరంగాలను చాలావరకు అడ్డగిస్తుంది. తొలిసారి కొనేవారికి 25 నుండి 50 వాట్ల కారు సెట్టే మేలు. అది 12 వోల్టుల బ్యాటరీతో పనిచేస్తుంది కనుక ఇంట్లో తగిన పవర్ సప్లయితోనూ, కరెంటు పోయినప్పుడు విడి బ్యాటరీతోనూ వాడుకోవచ్చు. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లు గుంజుతుంది; అందుకు తగిన మందపు తీగలు, ఫ్యూజులు తప్పనిసరి.

వాట్లకంటె ముఖ్యమైనది ఏరియల్ ఎత్తు. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే సాగుతాయి. మైదానంలో 9 మీటర్ల ఎత్తున ఉన్న ఏరియల్‌కు ఆ మేర సుమారు 12 కిలోమీటర్లు. ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలవుతుంది. కారు కప్పు నడుమ అర మీటరు కడ్డీ చాలు.

డబ్బు పరిమితమైతే సెట్టు సామాన్యమైనదే కొని, మిగిలినది మంచి ఏరియల్‌కూ, బ్యాటరీకీ వెచ్చించడం వివేకం. తుపాను రాత్రి అక్కరకు వచ్చేవి అవే.