ప్రోస్టేటు వాపు: మందు మధ్యలో మానరాదు

గరిడేపల్లి ప్రాంతమున, సాగరు ఎడమ కాలువ క్రింద వరి పండించు రైతునకు మూత్రమున మంట పుట్టినచో "వేడి చేసినది" అని మజ్జిగయో, సబ్జా గింజల నీరో త్రాగి ఊరకుండుట పరిపాటి. ఒంట నీరు తగ్గి కలిగిన మంటకు అది చాలవచ్చును. కాని మంటతోపాటు చలిజ్వరము, పొత్తికడుపున నొప్పి కూడ వచ్చినచో వేడి అని సరిపెట్టుకొనరాదు.

మగవారికి మూత్రాశయము క్రింద, మూత్రమార్గమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. అదియే ప్రోస్టేటు. ప్రేగులలో నుండు ఇ.కోలై వంటి సూక్ష్మజీవులు మూత్రమార్గమున దీనిని చేరి వాపు పుట్టించును. జ్వరము హఠాత్తుగా వచ్చును. మాటిమాటికి మూత్రము వచ్చినట్లుండి ధార సన్నగిల్లును. మూత్రము పూర్తిగా బిగిసినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. దీర్ఘవ్యాధిలో జ్వరముండదు, మంట నెలల తరబడి తగ్గుచు, తిరిగి వచ్చుచుండును.

మందు మొదలిడుటకు ముందే మూత్రపరీక్ష చేయించుట మేలు. ఏ క్రిమియో తెలిసిన పిదప వైద్యుడు సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్ వంటి వానిలో తగినది నిర్ణయించును. జబ్బు తీవ్రమైనచో ఇంజక్షన్లు అవసరమగును. కొందరికి డాక్సిసైక్లిన్ ఇత్తురు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే పరిశోధనలకు సారథ్యము వహించిన కాలమున, 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కుటుంబములోనిదే ఈ మందు.

మేము ముఖ్యముగ చెప్పదలచినది ఒకటి. చాల మందులు ఈ గ్రంథిలోనికి సులభముగ చొరజాలవు. కావున కొత్త వ్యాధికి 2 నుండి 4 వారములు, పాత వ్యాధికి 4 నుండి 6 వారములు మందు వాడవలసియుండును. కొద్ది దినములలోనే మంట చల్లారవచ్చును. తగ్గినది కదా యని మాత్రలు మానినచో మిగిలిన క్రిములు మరల విజృంభించును. ఆ మందునకు లొంగకయు పోవచ్చును.

ధార సాఫీగా వచ్చుటకై ఇచ్చు టామ్సులోసిన్ వలన లేచి నిలుచునపుడు తల తిరుగవచ్చును. సిప్రోఫ్లాక్సాసిన్ వాడునపుడు మడమ వెనుక నొప్పి పుట్టినచో మాత్ర ఆపి వెంటనే వైద్యునకు చెప్పవలెను.

దీర్ఘకాలపు నొప్పి గల పలువురిలో క్రిములే కనబడవు. వారు దుకాణమున క్రిమిసంహారక మాత్రలు పదేపదే కొని మ్రింగుట వృథా. వారి చికిత్స వేరు.

కాలిలో ముల్లు దిగినచో దాచని రైతు ఈ బాధను సిగ్గుచే దాచుకొనును. అట్టివారిని ఇంటివారే వైద్యుని కడకు తోడ్కొని పోవలెను. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. పెద్ద వైద్యమునకై దూరాభారము పోవలసిన అగత్యము అంతమేరకు తగ్గినది.