అమ్మ క్లోమం బిడ్డకు పనికొస్తుందా? – ఐలెట్ కణాల మార్పిడి గురించి

ఆ మధ్య మన షుగరు ఓ.పి.కి రేపల్లె ప్రక్క పల్లె నుంచి ఒక తల్లి తన కుమార్తెను తీసుకొని వచ్చారు. అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. రోజూ రైలులో తెనాలి వెళ్లి డిగ్రీ చదువుకొంటున్నది. తొమ్మిదో ఏట నుంచి ఇన్సులిన్ మీదనే ఉన్నది. ఈ మధ్య రెండుసార్లు రైలులోనే షుగరు పడిపోయి స్పృహ తప్పింది. ఆ తల్లి సంచిలోంచి ఒక కరపత్రం తీసి చూపించారు. మూలకణాల ఇంజెక్షనుతో షుగరు శాశ్వతంగా పోతుందని అందులో ఉన్నది. ఫోను చేస్తే మూడున్నర లక్షలు అన్నారట. ఉన్న అరెకరం అమ్మడానికి బేరం కూడా మొదలుపెట్టారు. "సిస్టరమ్మా, అంత డబ్బు పోయకుండా, నా క్లోమంలోనే కొంత తీసి పిల్లకు పెట్టకూడదా?" అని అడిగారు.

ఓ.పి. రద్దీలో ఆమెకు సగం జవాబే చెప్పగలిగాము. మన సంఘ కుటుంబాలలో ఇదే ప్రశ్న ఉన్నవారు బాపట్లలోనూ, తెనాలిలోనూ ఉన్నారు గనుక మిగతా సగం ఇక్కడ వ్రాస్తున్నాము.

జీర్ణకోశం వెనుక అడ్డంగా ఉండే క్లోమగ్రంథి ముఖ్యంగా అరుగుదల రసాలు తయారు చేస్తుంది. దానిలో అక్కడక్కడ చిన్న చిన్న కణాల గుంపులు ఉంటాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మనీ వైద్య విద్యార్థి వాటిని మొదట గుర్తించి వర్ణించాడు. చుట్టూ నీళ్లున్న దీవుల్లా కనిపిస్తాయి గనుక వాటికి ఐలెట్లు అని పేరు వచ్చింది. స్కూలు పుస్తకాలలో లాంగర్‌హాన్స్ పుటికలు అని చదివి ఉంటారు. క్లోమం బరువులో ఇవి నూటికి ఒకటి రెండు వంతులే, కాని ఇన్సులిన్ తయారయ్యేది వీటిలోని బీటా కణాలలోనే. టైపు 1 షుగరులో మన రోగనిరోధక శక్తే పొరపాటున ఈ బీటా కణాలను చంపివేస్తుంది. పెద్దవారిలో ఎక్కువగా చూసే టైపు 2 వేరు. అక్కడ ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది గాని ఒళ్లు దానికి సరిగా లొంగదు. కాబట్టి మాత్రలు వాడుతున్న మన టైపు 2 వారికి ఈ చికిత్సతో పని లేదని ముందే చెబుతున్నాము.

బ్రెయిన్ డెత్ అయినవారి కుటుంబం దానం చేసిన క్లోమాన్ని ప్రయోగశాలలో ఎంజైములతో కరిగించి ఐలెట్లను వేరు చేస్తారు. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకుపోయే పెద్ద సిరలోకి సన్నని గొట్టం ద్వారా వాటిని వదులుతారు. అవి కాలేయంలో కుదురుకొని అక్కడి నుంచే ఇన్సులిన్ ఇస్తాయి. క్లోమం చేయవలసిన పని కాలేయంలో కూర్చొని చేస్తాయన్నమాట. కడుపు కోసే పెద్ద ఆపరేషను ఉండదు. అయితే చాలామందికి ఒక్క దాత ఐలెట్లు చాలవు, రెండు మూడుసార్లు ఎక్కించవలసి వస్తుంది.

2000లో కెనడాలోని ఎడ్మంటన్ నగరం నుంచి డాక్టర్ జేమ్స్ షాపిరో బృందం ఏడుగురికి ఈ చికిత్స చేసి, ఏడుగురూ ఇన్సులిన్ మానగలిగారని ప్రకటించింది. షుగరు ఇక పోయినట్టే అని లోకమంతా సంతోషించింది. కాని అదే పద్ధతిలో అనేక కేంద్రాలలో 36 మందికి చేసిన పరీక్ష ఫలితం 2006లో వచ్చింది. ఏడాది తరువాత ఇన్సులిన్ లేకుండా ఉన్నవారు 16 మంది. రెండేళ్లకు ఆ 16 మందిలో మిగిలినది ఐదుగురే. కరపత్రాలు వేసేవారు ఈ రెండవ లెక్క చెప్పరు. అయినా ఆ పరీక్ష వృథా అనలేము. ఇన్సులిన్ మళ్లీ మొదలుపెట్టినవారిలో కూడా కొద్దిగా ఐలెట్లు పనిచేస్తున్నంత కాలం షుగరు హఠాత్తుగా పడిపోవడం తగ్గింది. అమెరికా ప్రభుత్వం 2023లో లాంటిడ్రా అనే ఐలెట్ చికిత్సను ఆమోదించింది కూడా తరచూ ప్రమాదకరంగా షుగరు పడిపోయే టైపు 1 పెద్దవారి కోసమే.

ఇతరుల కణాలను శరీరం తిప్పికొట్టకుండా నిరోధక శక్తిని అణచే మందులు రోజూ వాడుతూనే ఉండాలి. వాటివల్ల ఇన్‌ఫెక్షన్లు తేలికగా సోకుతాయి, కొన్ని మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. టి.బి. వార్డు ఎప్పుడూ ఖాళీ ఉండని మన ప్రాంతంలో ఇది చిన్న మాట కాదు. ఇన్సులిన్ సూది దించుకొని అంతకన్నా బరువైన మూట ఎత్తుకోవడం అవుతుందేమో చూసుకోవాలి. మూత్రపిండం మార్పిడి జరిగి ఆ మందులు ఎలాగూ వాడుతున్నవారి సంగతి వేరు.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. అటువంటిది నిజంగానే ఒకసారి జరిగింది. 2005లో జపానులోని క్యోటోలో 56 ఏళ్ల తల్లి క్లోమంలో కొంత తీసి, అందులోని ఐలెట్లను 27 ఏళ్ల కుమార్తెకు ఎక్కించారు. కుమార్తె కొద్ది వారాలలోనే ఇన్సులిన్ మానగలిగింది. అయితే ఆమెకు షుగరు వచ్చినది క్లోమం వాపు వలన, రోగనిరోధక శక్తి వలన కాదు. మన అమ్మాయిది టైపు 1. తన బీటా కణాలను చంపిన ఆ శక్తి అమ్మ ఇచ్చినవాటి మీదకూ వస్తుంది. పైగా క్లోమం సగం ఇచ్చిన తల్లికే షుగరు వచ్చే ప్రమాదం ఉన్నది. "వద్దమ్మా, నువ్వు ఆరోగ్యంగా ఉండడమే పిల్లకు కావాలి" అని చెప్పాము.

హైదరాబాదులో చేస్తున్నారట గదా అని కొందరు అడుగుతారు. అక్కడి ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో చేసినది, దీర్ఘకాల క్లోమం వాపుతో భరించలేని నొప్పి ఉన్నవారికి క్లోమాన్ని తీసివేసి, అందులోని వారి ఐలెట్లనే వారి కాలేయంలో ఉంచడం. అమెరికాలోని మిన్నెసోటాలో 1977లో మొదలైన పద్ధతి ఇది. సొంత కణాలు గనుక అణచే మందులు అక్కరలేదు. టైపు 1 వారి క్లోమంలో తీయడానికి బీటా కణాలు మిగలవు గనుక వారికి ఇది వర్తించదు.

మూలకణాల మాట పూర్తిగా అబద్ధం కాదు. మూలకణాల నుంచి ప్రయోగశాలలో పెంచిన ఐలెట్లను పూర్తి మోతాదులో పొందిన 12 మందిలో 10 మంది ఏడాదికి ఇన్సులిన్ లేకుండా ఉన్నారని 2025లో ప్రకటించారు. వారికీ అణచే మందులు తప్పలేదు. ఆ పరిశోధనలో ఒకరు మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకి మరణించారు. అణచే మందులు అక్కరలేకుండా జన్యువులు మార్చిన ఐలెట్లను స్వీడన్‌లో ఒక వ్యక్తి ముంజేతి కండరంలో ఉంచి చూశారు. ఇవి బ్రతకడం వరకు తేలింది, ఇన్సులిన్ మానడం ఇంకా జరగలేదు. ఇవన్నీ పరిశోధనలు. పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర చికిత్సకని డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నియమాల ప్రకారం షుగరుకు మూలకణాల చికిత్స ఆమోదించినది కాదు. ఎవరైనా లక్షలు అడిగితే ఆ కాగితం మాకు తెచ్చి చూపండి. ఎవరు చెప్పినా టైపు 1 బిడ్డకు ఇన్సులిన్ ఆపవద్దు, ఉపవాస ప్రార్థన రోజున కూడా ఆపవద్దు. మోతాదు ఎంతో ముందు రోజే డాక్టరు గారిని అడగండి.

అమ్మాయి పొట్ట తడిమి చూస్తే బొడ్డు ప్రక్క రెండు గట్టి గడ్డలు తగిలాయి. పదేళ్లుగా నొప్పి తెలియని చోటని అక్కడే పొడుచుకొంటున్నది. అటువంటి గడ్డలోకి వెళ్లిన ఇన్సులిన్ ఒకరోజు ఆలస్యంగా, ఒకరోజు ఒక్కసారిగా ఒంటికి పడుతుంది. పైగా ఇంటి దగ్గర సూది వేసుకొని, టిఫిను బాక్సు రైలులో తినవచ్చని బయలుదేరేది. రైలు ఆలస్యమైతే అంతే. సూది వేసే చోటు మార్పించాము. కొత్త చోట ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది గనుక డాక్టరు గారు మోతాదు తగ్గించారు. తిన్న తరువాతే ఇల్లు కదలమన్నాము. షుగరు పడిపోతే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి త్రాగించాలని, పావుగంటకు మళ్లీ పరీక్ష చూడాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలని ఆమెతో ప్రయాణం చేసే ఇద్దరు స్నేహితురాళ్లను పిలిపించి నేర్పాము.

మూడు వారాల తరువాత తల్లీ కూతుళ్లు మళ్లీ వచ్చారు. పొలం బేరం మానుకొన్నారట. అమ్మాయి పుస్తకంలో 70 కన్నా తక్కువ రెండుసార్లే ఉన్నది. రెండుసార్లూ రైలు ఎక్కకముందే చూసుకొన్నది.